క్షీరద మాంసం పడనివారు ప్యాకెట్ ఆహారాన్ని ఎలా పరీక్షించుకోవాలి: సమగ్ర మార్గదర్శి

మేక, గొర్రె, బర్రె, ఆవు, పంది వంటి పాలిచ్చే జంతువుల మాంసం పడనివారికి కూర గిన్నెలోని మాంసాన్ని గుర్తించడం కష్టం కాదు. ప్యాకెట్‌లో పొడిగా, జిగురుగా, కొవ్వుగా, సువాసనగా మారిన మాంసాన్ని గుర్తించడమే కష్టం. దసరాకు, బోనాలకు, మేడారం జాతరకు మాంసం లేని ఇల్లు అరుదుగా కనిపించే వరంగల్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి, కరీంనగర్ ప్రాంతాల్లో ఇలాంటి ఎలర్జీ ఉందని డాక్టరు నిర్ధారించిన తరువాత కుటుంబం మొదట మటన్ మానిపిస్తుంది. అంతటితో పని అయిపోయిందని అనుకుంటుంది. ఆ తరువాత కూడా దద్దుర్లో, కడుపునొప్పో వస్తే కారణం తెలియక అందరూ హైరానా పడతారు. దుకాణంలో ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి ఇంట్లో దానిని తెరిచే వరకు ఏ వరుసలో ఏమేమి చూడాలో ఈ వ్యాసంలో వివరంగా రాస్తున్నాను. ఇది డాక్టరు సలహాకు బదులు కాదు, ఆ సలహాను రోజువారీ కొనుగోళ్లలో అమలు చేసే పద్ధతి మాత్రమే.

ముందుగా తెలిసి ఉండవలసిన నాలుగు విషయాలు

క్షీరద మాంసపు ఎలర్జీలలో ఎక్కువగా చర్చకు వచ్చేది ఆల్ఫా-గాల్ సిండ్రోమ్. ఆల్ఫా-గాల్ అనేది ఒక చక్కెర అణువు. మనుషులు, చింపాంజీ వంటి తోకలేని కోతులు, ఆసియా ఆఫ్రికా ఖండాల కోతులు తప్ప మిగిలిన క్షీరదాలన్నిటి శరీరాల్లో అది ఉంటుంది. కొన్ని రకాల పిడుదులు మనిషిని కుట్టినప్పుడు వాటి లాలాజలం ద్వారా ఈ అణువు ఒంట్లోకి చేరుతుంది. అప్పుడు కొందరిలో శరీరం దానిని శత్రువుగా గుర్తుపెట్టుకుని, ఆ తరువాత తిన్న మాంసం మీద తిరగబడుతుంది. అమెరికాలో లోన్ స్టార్ పిడుదు, ఆస్ట్రేలియాలో, ఐరోపాలో వేరే జాతుల పిడుదులు ఇందుకు కారణమని పరిశోధకులు గుర్తించారు. సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందుకు కొందరు రోగుల్లో తీవ్రమైన ప్రతిచర్య ఎందుకు వస్తోందో వెతుకుతూ వెళ్లిన అమెరికా శాస్త్రవేత్తలు, దాని మూలం ఈ అణువేనని 2008లో ప్రకటించారు. మాంసం తిన్న కొన్ని గంటల తరువాత వచ్చే ఎలర్జీకి కూడా ఇదే కారణమని మరుసటి సంవత్సరం తేల్చారు.

రెండవ విషయం సమయం. వేరుశనగ పడనివారికి నిమిషాల్లో ప్రతిచర్య వస్తుంది. ఆల్ఫా-గాల్ ఉన్నవారికి సాధారణంగా తిన్న రెండు గంటల నుంచి ఆరు గంటల లోపు వస్తుంది. రాత్రి ఎనిమిదికి తిన్నదానికి అర్ధరాత్రి దాటాక దురద మొదలైతే, పడుకునే ముందు తాగిన పాలనో, దోమలనో అనుమానించడం సహజం. అందుకే ప్యాకెట్‌ను తినకముందే పరీక్షించాలి. తిని చూసి తెలుసుకుందామనే పద్ధతి ఈ ఎలర్జీలో ప్రమాదకరమే కాక, సరైన సమాధానాన్ని కూడా ఇవ్వదు.

మూడవది, వండినంత మాత్రాన ఈ అణువు పోదు. వేయించినా, ఉడికించినా, ఎండబెట్టి పొడి చేసినా అది నిలిచి ఉంటుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న మాంసం, గుర్దాల వంటి లోపలి అవయవాలు ఎక్కువ ప్రమాదకరం.

నాలుగవది, కోడి, బాతు, కౌజు పిట్ట, చేప, రొయ్య, గుడ్డు ఈ కోవలోకి రావు. అవి క్షీరదాలు కావు కాబట్టి ఆల్ఫా-గాల్ ఉన్నవారు సాధారణంగా వాటిని తినవచ్చు. అయితే క్షీరద మాంసపు ఎలర్జీ అంటే అందరికీ ఆల్ఫా-గాల్ అనే అర్థం లేదు. పిల్లి బొచ్చు పడనివారిలో కొందరికి పంది మాంసం పడకపోవడం వంటి వేరే రకాలూ ఉన్నాయి, వాటి హద్దులు వేరు. మీది ఏ రకమో రక్తపరీక్షతోనూ, మీరు చెప్పే లక్షణాల వివరాలతోనూ డాక్టరే నిర్ణయించాలి. రక్తంలో ఆల్ఫా-గాల్‌కు సంబంధించిన ఐజీఈ (ఎలర్జీ ఉన్నప్పుడు శరీరం తయారుచేసే ప్రతిరక్షకం) కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు, లక్షణాలు కూడా ఉండాలి.

మొదటి మెట్టు: మీ హద్దులను డాక్టరుతో రాయించుకోండి

దుకాణానికి వెళ్లకముందే చేయవలసిన పని ఇది. ఈ ఎలర్జీ అందరిలో ఒకే తీవ్రతతో ఉండదు. కొందరికి మాంసం మాత్రమే పడదు, జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీసే జిగురు పదార్థం) ఉన్న మిఠాయి తిన్నా ఏమీ కాదు. కొందరికి జెలటిన్ కూడా పడదు. తక్కువ మందికి పాలు, నెయ్యి కూడా పడవు. మరీ సున్నితంగా ఉన్నవారికి మాంసం వండిన గరిటెతో కలిపిన కూర కూడా ఇబ్బంది పెడుతుంది. కాబట్టి డాక్టరును నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడిగి, జవాబులను కాగితం మీద రాయించుకోవాలి. మాంసం, కొవ్వు, మాంసపు రసం పూర్తిగా మానాలా? జెలటిన్, కొల్లాజెన్ (జంతువుల చర్మం, ఎముకల్లో ఉండే ప్రోటీన్) మానాలా? పాలు, పాల పదార్థాలు మానాలా? ఒకే చోట తయారైన పదార్థాల కలుషితం గురించి కూడా జాగ్రత్త పడాలా? ఈ నాలుగు జవాబులు లేకుండా లేబుల్ చదివితే, అనవసరంగా సగం దుకాణాన్ని వదులుకోవడమో, అవసరమైనదానిని వదలకపోవడమో జరుగుతుంది.

రెండవ మెట్టు: పచ్చ గుర్తు, గోధుమరంగు గుర్తు

మన దేశంలో ఈ ఎలర్జీ ఉన్నవారికి ఒక పెద్ద సౌకర్యం ఉంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమాల ప్రకారం దాదాపు ప్రతి ఆహార ప్యాకెట్ ముందు భాగంలో, పేరుకు దగ్గరగా, శాకాహార గుర్తో మాంసాహార గుర్తో ఉండాలి. శాకాహారానికి పచ్చ గీతల చతురస్రంలో పచ్చ చుక్క. మాంసాహారానికి ఒకప్పుడు గోధుమరంగు చుక్క ఉండేది. 2020 లేబులింగ్ నిబంధనలు దానిని గోధుమరంగు చతురస్రంలో గోధుమరంగు త్రిభుజంగా మార్చాయి. రంగులు సరిగా కనిపించనివారు కూడా ఆకారాన్ని బట్టి తేడా తెలుసుకోగలగడం ఈ మార్పు వల్ల కలిగిన మేలు.

ఈ గుర్తు ఎలర్జీ కోసం పుట్టింది కాదు, ఆహార నియమం ఉన్నవారి కోసం పుట్టింది. అందువల్ల అది ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో విడమరచి తెలుసుకోవాలి. నిబంధనల ప్రకారం పక్షి, చేప, పురుగు, గుడ్డుతో సహా ఏ జంతువుకు చెందిన భాగమైనా, ఉత్పత్తైనా పదార్థంగా వాడితే అది మాంసాహారం. దీనికి మినహాయింపు పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క, మొక్కల నుంచి వచ్చే కార్నాబా మైనం మాత్రమే. మీకు దీని నుంచి మూడు విషయాలు తెలియాలి.

పచ్చ గుర్తున్న ప్యాకెట్‌లో మాంసపు రసం, జంతువుల కొవ్వు, జెలటిన్, కొల్లాజెన్ పదార్థాలుగా ఉండకూడదు. ఎంత తక్కువ మోతాదులో కలిపినా జంతు మూల పదార్థం ఉంటే ఆ ఆహారం మాంసాహారమే అవుతుందని 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కూడా స్పష్టం చేసింది. పాలు పడేవారైతే, పచ్చ గుర్తు చూసిన తరువాత వారి పనిలో పెద్ద భాగం పూర్తయినట్లే.

అయితే పచ్చ గుర్తు పాల గురించి ఏమీ చెప్పదు. పాలు పడనివారికి అది సగం రక్షణ మాత్రమే. వారి కోసం 2022లో వచ్చిన వీగన్ ఆహార నిబంధనల గుర్తు ఉంది. పచ్చ చతురస్రంలో వి అనే ఇంగ్లీషు అక్షరం, దానిపై చిన్న ఆకుల మొక్క కనిపిస్తాయి. ఆ గుర్తున్న ఆహారంలో పాలతో సహా జంతు మూలమైనదేదీ పదార్థంగా ఉండకూడదు. మన కిరాణా దుకాణాల్లో ఆ గుర్తు ఇంకా అరుదు, హనుమకొండలోని పెద్ద సూపర్ మార్కెట్లలో వెతికితే దొరకవచ్చు.

ఇక గోధుమరంగు గుర్తు చూడగానే వదిలేయవలసిన అవసరం లేదు. గుడ్డు కలిసిన బిస్కెట్లకు, కేకులకు, కోడి మాంసపు నగ్గెట్లకు, చేప పచ్చడికి కూడా అదే గుర్తు ఉంటుంది. ఇవన్నీ మీకు పనికి రావచ్చు. ఆ గుర్తుకు ఇక్కడ ఉన్న అర్థం వద్దని కాదు, లేబుల్ మొత్తం చదవమని.

ఒక్క మాట. పేరును బట్టి తీర్పు ఇవ్వకండి. మటన్ మసాలా పొడి ప్యాకెట్ మీద మటన్ అని పెద్ద అక్షరాలతో ఉన్నా, లోపల ఉండేది సాధారణంగా ధనియాలు, మిరపకాయ, లవంగం, యాలకుల వంటి దినుసులే. ముందు భాగంలో పచ్చ గుర్తు ఉందో లేదో చూసుకుంటే చాలు.

మూడవ మెట్టు: పదార్థాల జాబితాను చదివే క్రమం

పదార్థాలను తయారీ సమయంలో ఉన్న బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. మీకు మాత్రం చివరి పదార్థం కూడా మొదటిదానంత ముఖ్యం. సువాసనలు, జిగురులు, నూనెను నీటిని కలిపి ఉంచే ఎమల్సిఫయర్లు అక్కడే ఉంటాయి కనుక జాబితాను చివరి నుంచి వెనక్కు చదవడం అలవాటు చేసుకోండి. అక్షరాలు చిన్నవిగా ఉంటే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుంటే సరిపోతుంది. లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగులో ఉండి తీరాలన్న నియమం లేదు. కాబట్టి ఇంట్లో ఇంగ్లీషు చదవలేని పెద్దలు వంట చూసుకుంటున్నట్లయితే, ఈ కింది పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోనే ఒక అట్ట మీద రాయించి వంటింట్లో, సంచిలో ఒక్కొక్కటి ఉంచండి. అక్షరాల ఆకారాన్ని పోల్చి చూసుకోవచ్చు.

చూడగానే వదిలేయవలసినవి మటన్, ల్యాంబ్, బీఫ్, పోర్క్, హ్యామ్, బేకన్, వీల్ (దూడ మాంసం), వెనిసన్ (జింక మాంసం), లార్డ్ (పంది కొవ్వు), టాలో, సూయెట్ (ఆవు, గొర్రెల కొవ్వు), బోన్ బ్రాత్, మీట్ ఎక్స్‌ట్రాక్ట్, మీట్ స్టాక్. మన నిబంధనల్లో ఒక మంచి విషయం ఉంది. జంతువుల కొవ్వు వాడితే అది ఏ జంతువుదో చెప్పాలి, పంది కొవ్వును, ఎద్దు కొవ్వును వాటి పేర్లతోనే రాయాలి. వట్టి కొవ్వు అని రాసి తప్పించుకునే వీలు లేదు.

జెలటిన్ వేరే కథ. డాక్టరు దానిని మానమన్నట్లయితే, అది ఎక్కడ దాగి ఉంటుందో తెలియాలి. మార్ష్‌మాలో, నమిలే జెల్లీలు, మూస్ వంటి చల్లని డెజర్ట్‌లు, కొన్ని యోగర్ట్‌లు, కేకుల మీద మెరిసే పూత, విటమిన్ గమ్మీలు దాని స్థావరాలు. జెలటిన్‌ను ఆవు, ఎద్దు, పంది ఎముకల నుంచి, చర్మాల నుంచి తీస్తారు. చేపల నుంచి తీసినదీ ఉంది, అది మీకు పడవచ్చు. అయితే లేబుల్ మీద చేప అని రాసి ఉంటేనే నమ్మండి. మన దేశంలో తయారయ్యే చాలా జెల్లీలలో పెక్టిన్, అగర్, పిండి పదార్థాలు వాడుతున్నారు, వాటి మీద పచ్చ గుర్తు ఉంటుంది. పిల్లవాడికి జెల్లీ పూర్తిగా మానిపించడం కంటే పచ్చ గుర్తున్నది వెతికి ఇవ్వడం మేలు.

రెండు లోటుపాట్లు తెలుసుకోండి. ఒక పదార్థం తానే మరికొన్ని పదార్థాల మిశ్రమమైతే, అది మొత్తంలో ఐదు శాతం కంటే తక్కువ ఉన్నప్పుడు దాని లోపలి పదార్థాలన్నిటినీ విడివిడిగా రాయనక్కర లేదు. రెండవది, వంద చదరపు సెంటీమీటర్లకు మించని చిన్న ప్యాకెట్ మీద పదార్థాల జాబితా లేకపోయినా తప్పు కాదు, ఆ వివరాలు అవి వచ్చిన పెద్ద డబ్బా మీద ఉండాలి. కిరాణా దుకాణాల్లో దండల్లా వేలాడే రూపాయి, రెండు రూపాయల మిఠాయిలు ఈ కోవలోవే. దుకాణదారును అడిగి ఆ పెద్ద డబ్బా చూడండి. చూపించలేకపోతే, పచ్చ గుర్తు లేని చిన్న ప్యాకెట్‌ను కొనకండి.

ఎలర్జీ హెచ్చరిక పెట్టెను కూడా తప్పుగా అర్థం చేసుకోకూడదు. గ్లూటెన్ ధాన్యాలు, రొయ్యల జాతి, గుడ్లు, చేపలు, పాలు, వేరుశనగ, గింజలు, సోయా, సల్ఫైట్లు ఉంటే ప్రత్యేకంగా చెప్పాలని మన నియమం. ఆ పట్టికలో క్షీరద మాంసం లేదు. ఆ పెట్టెలో మాంసం ప్రస్తావన కనిపించలేదంటే మాంసం లేదని అర్థం కాదు. పాలు పడనివారికి మాత్రం ఆ పెట్టె బంగారమే, ఎందుకంటే పాల ఉత్పత్తి ఏ పేరుతో దాగినా అక్కడ మిల్క్ అని కనిపించి తీరాలి.

నాలుగవ మెట్టు: మూలం తెలియని సంఖ్యలు

వాట్సాప్‌లో తరచుగా ఒక జాబితా తిరుగుతుంది. పదార్థాల జాబితాలో సంకలిత పదార్థాలను సూచించే ఫలానా సంఖ్యలుంటే పంది కొవ్వు ఉన్నట్లేనని అందులో రాసి ఉంటుంది. దానిని చూసి భయపడి బ్రెడ్డు, బిస్కెట్, ఐస్‌క్రీం అన్నీ మానుకున్న కుటుంబాలు ఉంటాయి. సంఖ్య మూలాన్ని చెప్పదు, రసాయనాన్ని మాత్రమే చెబుతుంది. 471 అంటే కొవ్వు ఆమ్లాల మోనో, డై గ్లిజరైడ్లు. వాటిని పామాయిల్ నుంచీ తీయవచ్చు, జంతువుల కొవ్వు నుంచీ తీయవచ్చు. 470, 472, 481, 482, 570, గ్లిజరాల్ అయిన 422 కూడా ఇంతే. రుచిని పెంచే 631, 635 సంఖ్యల విషయమూ అంతే, వాటిని చేపల నుంచి, మాంసం నుంచి, పిండి పదార్థాలను పులియబెట్టి కూడా తయారుచేస్తారు.

ఇక్కడ పచ్చ గుర్తు మళ్లీ అక్కరకు వస్తుంది. పచ్చ గుర్తున్న ప్యాకెట్ మీద 471 కనిపిస్తే అది మొక్కల మూలమైనదే అయి ఉండాలి, దిగులు పడవద్దు. గోధుమరంగు గుర్తున్న ప్యాకెట్ మీదనో, విదేశీ ప్యాకెట్ మీదనో అదే సంఖ్య కనిపిస్తేనే ప్రశ్న మిగులుతుంది. బాగా శుద్ధి చేసిన ఇలాంటి పదార్థాల్లో మాంసంలో ఉన్నంత ప్రమాదం ఉండదని వైద్యుల అభిప్రాయం. చాలామందికి ఇవి ఇబ్బంది పెట్టవు. తీవ్రమైన ప్రతిచర్య వచ్చిన చరిత్ర ఉన్నవారు మాత్రం తయారీదారును అడిగి తెలుసుకున్న తరువాతే వాడాలి.

407 అనే సంఖ్యను ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. అది కారాజీనన్, ఎర్రని సముద్రపు నాచు నుంచి వస్తుంది, పచ్చ గుర్తున్న ప్యాకెట్లలో కూడా ఉండవచ్చు. అయినా దాని నిర్మాణంలో ఆల్ఫా-గాల్‌ను పోలిన చక్కెర బంధం ఉంటుంది కనుక కొందరికి అది పడదు. ఫ్లేవర్డ్ మిల్క్, చాక్లెట్ పానీయాలు, ఐస్‌క్రీం, చల్లని డెజర్ట్‌లు దానికి నెలవులు. పాలు తాగితే ఏమీ కాకుండా, డబ్బా పాలు తాగితే మాత్రం ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయంటే ముందు ఈ సంఖ్యను వెతకండి.

అనవసరంగా భయపడకూడనివి కూడా ఉన్నాయి. 120 ఎర్ర రంగు, 904 లక్క పురుగులకు సంబంధించినవి, 901 తేనెమైనం. పురుగులు క్షీరదాలు కావు.

ఐదవ మెట్టు: పాల విషయం

ఆల్ఫా-గాల్ ఉన్నవారిలో చాలామంది పాలు, పెరుగు, నెయ్యి తీసుకోగలుగుతారు. అందుకే మాంసం మానగానే పాలు కూడా మానడం సరికాదు, ముఖ్యంగా పెరుగన్నం లేనిదే భోజనం ముగియని మన ఇళ్లలో, పిల్లల విషయంలో, గర్భిణుల విషయంలో. మాంసం పూర్తిగా మానినా లక్షణాలు తగ్గకపోతే పాలను కొంతకాలం ఆపి చూడాలని డాక్టరు చెప్పవచ్చు. అలా చెప్పినప్పుడు ఆవు పాలకు బదులుగా బర్రె పాలో, మేక పాలో తాగితే ప్రయోజనం లేదు. అవన్నీ క్షీరదాల పాలే.

లేబుల్ మీద పాలు అనేక పేర్లతో కనిపిస్తాయి: మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసీన్, సోడియం కేసినేట్, బటర్ ఆయిల్, చీజ్ పౌడర్. మసాలా చిప్స్‌లో కూడా పాల పొడి ఉండడం సాధారణం. నాన్ డెయిరీ క్రీమర్ అని రాసి ఉన్న కొన్ని పొడుల్లో సోడియం కేసినేట్ ఉంటుంది, అది పాల ప్రోటీనే. ఫ్రోజెన్ డెజర్ట్ అని రాసినవి ఐస్‌క్రీం కావు, వాటిలో నూనె కొవ్వు వాడతారు, కాని పాల పొడి చాలావాటిలో ఉంటుంది. ఐస్‌క్రీంలో కొవ్వు ఎక్కువ కనుక పాలు పడేవారిలో కొందరికి కూడా అది ఇబ్బంది పెట్టవచ్చు. పాలలోని లాక్టోజ్, ఈ ఆల్ఫా-గాల్ ఒకటి కావు. లాక్టోజ్ అరగకపోవడం పూర్తిగా వేరే సమస్య, లాక్టోజ్ లేని పాలు కొంటే ఈ ఎలర్జీకి పరిష్కారం దొరకదు.

ఆరవ మెట్టు: కోడి, చేప ఉన్న ప్యాకెట్లలో దాగిన క్షీరదం

కోడి మాంసం పడుతుందని తెలిసినవారు ఎక్కువగా పొరబడే చోటు ఇది. చికెన్ సాసేజ్‌లో ఉన్నది కోడే అయినా, పై తొడుగు గొర్రె పేగుతోనో, ఎద్దు చర్మపు కొల్లాజెన్‌తోనో చేసినది కావచ్చు. సెల్యులోజ్ తొడుగు, లేదా తొడుగే లేనివి కూడా దొరుకుతాయి. కేసింగ్ అనే మాట కోసం వెతకండి. చికెన్ సూప్ ఘనాల్లో, నూడుల్స్ మసాలాల్లో కోడి కొవ్వుకు బదులు వేరే కొవ్వు ఉండే అవకాశం ఉంది, ముఖ్యంగా విదేశాల నుంచి వచ్చినవాటిలో.

మన ప్రాంతంలో దీనికంటే ఎక్కువ జాగ్రత్త పడవలసింది నాన్‌వెజ్ పచ్చళ్ల విషయంలో. వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి, చేపల పచ్చడి అమ్మే ఇళ్లలో, చిన్న దుకాణాల్లో మటన్ పచ్చడి, గోంగూర మటన్ కూడా చేస్తారు. ఒకే బాండీలో, ఒకే నూనెలో మటన్ ముక్కలు వేయించిన తరువాత కోడి ముక్కలు వేయించితే, లేబుల్ ఎంత నిజాయితీగా ఉన్నా ఆ పచ్చడి మీకు పనికిరాదు. పదార్థాల జాబితాలో కోడి, నూనె, కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి అని ఉంటుంది, అది అబద్ధమూ కాదు. ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం లేబుల్‌లో దొరకదు, తయారుచేసినవారినే అడగాలి. అడిగేటప్పుడు ఎలర్జీ అని మాత్రమే చెబితే చాలామందికి అర్థం కాదు. "అక్కా, మా ఇంట్లో ఒకరికి మటన్ పడదు, తింటే దవాఖానకు తీసుకుపోవాల్సి వస్తది. ఈ చికెన్ పచ్చడి నూనెలో మటన్ వేయించిన్రా? గరిటె, గిన్నెలు వేరేనా?" అని ఉన్నదున్నట్లు అడగండి. జవాబు తడబడితే తీసుకోకండి. శాకాహార పచ్చళ్లు మాత్రమే చేసే ఇంట్లో కొన్న ఆవకాయ, చింతకాయ తొక్కు, ఇంట్లో మీరే చేసుకున్న కోడి పచ్చడి నిశ్చింతగా తినవచ్చు. సకినాలు, గారెలు, చెగోడీల ప్యాకెట్లకు పచ్చ గుర్తు చూసి, వాటిని వేయించిన నూనెలో మాంసం వేయించలేదని తెలుసుకుంటే సరిపోతుంది.

ఏడవ మెట్టు: గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చిన ప్యాకెట్లు

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల జిల్లాల్లో గల్ఫ్‌కు వెళ్లి వచ్చేవారి సూట్‌కేసుల్లో చాక్లెట్లు, జెల్లీలు, చీజ్ డబ్బాలు, సూప్ పొడులు, నూడుల్స్ తప్పకుండా ఉంటాయి. చుట్టాలు ప్రేమతో పంచిపెట్టిన వాటిని వద్దనడం కష్టం. అయినా ఈ ప్యాకెట్ల విషయంలో ఎక్కువ కచ్చితంగా ఉండవలసిందే, ఎందుకంటే వాటి మీద మన పచ్చ, గోధుమరంగు గుర్తులు ఉండవు. బయటి దేశాల్లో అమ్మడానికి తయారైన వస్తువులవి.

అక్కడి లేబుల్ మీద హలాల్ ముద్ర ఉంటే పంది మూలం లేదని అర్థం, అంతే. హలాల్ జెలటిన్ ఎద్దుదే అయి ఉండవచ్చు. హలాల్ మీ ఎలర్జీకి సమాధానం కాదు, ఈ విషయాన్ని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా చాక్లెట్లు పంచే పిన్నులకు, బాబాయిలకు ముందే చెప్పి ఉంచండి. అమెరికా ప్యాకెట్లలో పాలు, గుడ్లు, చేప, నువ్వులతో సహా 9 ఎలర్జీ కారకాలను మాత్రమే విడిగా చెప్పాలి. అక్కడ కూడా క్షీరద మాంసం ఆ పట్టికలో లేదు. నేచురల్ ఫ్లేవర్ అనే రెండు మాటల వెనక మాంసపు మూలం కూడా ఉండే అవకాశం ఉంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2010 నుంచి 2022 మధ్య 1,10,000కు పైగా అనుమానిత ఆల్ఫా-గాల్ కేసులను గుర్తించింది కాబట్టి, అక్కడ ఉన్న మన పిల్లలకు కూడా ఈ వ్యాసంలోని విషయాలు పనికివస్తాయి.

విదేశీ ప్యాకెట్‌కు నా సలహా సూటిగా ఉంటుంది. వీగన్ అని స్పష్టంగా రాసి ఉంటే తీసుకోండి. వెజిటేరియన్ అని ఉండి, పాలు మీకు పడితే తీసుకోండి. రెండూ లేకపోయి, పదార్థాల్లో జెలటిన్, 471, నేచురల్ ఫ్లేవర్, వేరే భాషలో అర్థం కాని మాట, ఏ ఒక్కటి ఉన్నా తీసుకోకండి. లిపి అర్థం కాని అరబిక్ ప్యాకెట్‌ను ఫోన్ అనువాదంతో చదివి నమ్మడం ఈ ఎలర్జీలో మంచిది కాదు.

ఎనిమిదవ మెట్టు: తయారీదారును రాతపూర్వకంగా అడగడం

ఇష్టమైన ఒక ప్యాకెట్ విషయంలో ఒకే ఒక పదార్థం దగ్గర సందేహం ఆగిపోతే, దానిని శాశ్వతంగా వదులుకునే ముందు అడిగి చూడండి. ప్రతి ప్యాకెట్ మీద వినియోగదారుల ఫోన్ నంబరో, ఈమెయిలో ఉంటుంది. ఫోన్‌లో అడిగితే శాకాహారమే సార్ అనే జవాబు వస్తుంది, అది మీ ప్రశ్నకు జవాబు కాదు. ఈమెయిల్‌లో వస్తువు పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ రాసి, "ఫలానా పదార్థం మొక్కల నుంచి తీసిందా, క్షీరదాల నుంచి తీసిందా, చేప లేదా కోడి నుంచి తీసిందా? ఇదే యంత్రాల మీద మటన్, బీఫ్, పోర్క్ వస్తువులు తయారవుతాయా? అయితే మధ్యలో యంత్రాలను కడుగుతారా?" అని విడివిడిగా అడగండి. వచ్చిన జవాబును ఫోటో తీసి దాచుకోండి. తయారీ విధానం మారవచ్చు కనుక ఆ జవాబుకు కాలపరిమితి ఉంటుంది. లేబుల్ డిజైన్ మారినప్పుడు, కొత్త రుచి అని రాసినప్పుడు మళ్లీ చదవండి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసినప్పుడు తెర మీద కనిపించే ఫోటో పాత ప్యాకెట్‌ది కావచ్చు. ఇంటికి వచ్చిన ప్యాకెట్‌నే చదవాలి.

తొమ్మిదవ మెట్టు: మందుల డబ్బాలు

మందుల పెట్టెల మీద పచ్చ, గోధుమరంగు గుర్తులు ఉండి తీరాలన్న నియమం లేదు. క్యాప్సూల్ తొడుగు చాలావరకు జెలటిన్, మెత్తని విటమిన్ ఈ, చేపనూనె గోళీల తొడుగులు కూడా అంతే. ఆహార పూరకాలుగా అమ్మే విటమిన్లకు, ప్రోటీన్ పొడులకు మాత్రం ఆహార నియమాల ప్రకారం ఆ గుర్తులు ఉంటాయి. మొక్కల మూలమైన హెచ్.పి.ఎం.సి. తొడుగు, మాత్ర రూపం, సిరప్ రూపం దొరుకుతాయేమో ఫార్మసిస్టును అడగండి. డాక్టరును అడగకుండా మందు మాత్రం ఆపకండి. శస్త్రచికిత్సకు వెళ్లేటప్పుడు, రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ ఇచ్చేటప్పుడు, పాము కరిచి విషానికి మందు ఇచ్చేటప్పుడు మీ ఎలర్జీ గురించి ముందుగా చెప్పాలి. ఆ పాము విషం మందును గుర్రాల నుంచి తయారుచేస్తారు. ప్రాణం నిలిపే మందును వద్దనడం సరికాదు, చెబితే వారు ప్రతిచర్యకు సిద్ధంగా ఉండి ఇస్తారు.

పదవ మెట్టు: ఇంట్లో వ్యవస్థ, పొరపాటు జరిగితే చేయవలసినది

పరీక్షించిన ప్యాకెట్లను ఒకే అరలో పెట్టి, తెలియని వాటిని ఆ అరలోకి రానివ్వకండి. పొడిని డబ్బాలో పోసినప్పుడు ప్యాకెట్‌ను పారేయకుండా, బ్యాచ్ నంబరు ఉన్న ముక్కను కత్తిరించి డబ్బాలో వేయండి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, తిన్న ప్యాకెట్, తిన్న సమయం రాస్తూ ఉంటే, రాత్రి ఒంటిగంటకు వచ్చిన దద్దుర్లకు సాయంత్రం ఏడింటి సూప్‌తో సంబంధం దొరుకుతుంది. అదే సూప్ తిన్న మరోరోజు ఏమీ కాకపోవచ్చు. మోతాదు, కొవ్వు, మద్యం, అలసట, కొన్ని నొప్పి మాత్రలు ప్రతిచర్య తీవ్రతను మారుస్తాయి. ఒక్కసారి ఏమీ కాలేదని ఆ ప్యాకెట్‌ను మంచిదిగా తేల్చకండి.

పెదవులు, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా, దద్దుర్లతో పాటు వాంతులు అవుతున్నా లేబుల్ వెతకడానికి సమయం వెచ్చించకండి. డాక్టరు అడ్రినలిన్ ఇంజెక్షన్ రాసి ఇచ్చి, వాడే పద్ధతి నేర్పి ఉంటే వెంటనే వాడి, 108కు ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మొదట చెప్పవలసిన మాట, మాంసం తిన్న గంటల తరువాత కూడా ప్రతిచర్య వచ్చే ఎలర్జీ ఉందని. లేకపోతే ఇప్పుడేం తిన్నారని అడిగి, ఏమీ తినలేదన్న జవాబుతో అసలు కారణం పక్కకు పోతుంది. కుదుటపడిన తరువాత, తిన్నదాని మిగులు, ప్యాకెట్, బిల్లు దాచి డాక్టరుకు చూపించండి. గుర్తు తప్పుగా వేసినట్లు, చెప్పని మాంసం కలిసినట్లు తేలితే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫోటోలతో, బ్యాచ్ నంబరుతో, లేబుల్ మీది 14 అంకెల లైసెన్సు నంబరుతో ఫిర్యాదు చేయవచ్చు.

పశువుల కొట్టంలో పనిచేసేవారు, తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల వైపు వెళ్లేవారు పిడుదు కుట్టకుండా జాగ్రత్త పడడం కూడా ఈ పనిలో భాగమే. కొత్తగా కుట్టకుండా ఉన్నవారిలో కొందరికి కాలక్రమంలో ఐజీఈ స్థాయులు తగ్గుతాయి. వారికి కొన్ని ఆహారాలు మళ్లీ పడవచ్చు. నిండుగా బట్టలు వేసుకుని, ఇంటికి రాగానే చంకలు, మోకాళ్ల వెనుక భాగం, చెవుల వెనుక చూసుకుని, పట్టిన పిడుదును సన్నని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నేరుగా పైకి లాగి తీయాలి. మళ్లీ పడుతుందేమో పరీక్షించాలంటే డాక్టరు సమక్షంలోనే చేయాలి, దసరా భోజనం దగ్గర కాదు.